ఒరుగుల చిన్నాయన

"వాడికి ఏమిష్టమో అది చేయండి" అన్నాడు మా నాయన.

అప్పటికి చిన్నాయన పోయి ఏడాది కావస్తోంది. ఆ పై గురువారం సంవత్సరీకం. మా వైపు, పోయినవాళ్లు బతికున్నప్పుడు ఇష్టంగా తిన్నవన్నీ ఆ రోజు వండి, ఫొటో ముందు ఇస్తరాకులో పెడతాం. జేజినాయనకు కోడికూర, సద్దరొట్టె పెట్టాం. మా నాయనమ్మ జేజికి అలసంద వడలు పెట్టాం. అదేమంత కష్టమైన పని కాదు. ఏ ఇంట్లోనైనా ఎవరికేమిష్టమో చెప్పడానికి పదిమంది సిద్ధంగా ఉంటారు.

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. ఏళ్ల తరబడి మాకు తిండి పంపిన మనిషి ఏం తినేవాడో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు.

"ఒరుగులు పెడదామా?" అంది అమ్మ.

"అవి వాడు మనకు పెట్టినవి గదా. వాడు తిన్యాడో లేదో ఎవురికెరుక?" అన్నాడు నాయన. అని, లేచి వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నేను చిన్నాయనను వెతుక్కుంటూ వచ్చాను. మనిషి ఉన్నప్పుడు అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి, ఇప్పుడు జ్ఞాపకాలన్నీ కిందా మీదా వేసినా తేలలేదు. సిగ్గేసింది.

చిన్నాయన పులివెందుల దగ్గర పల్లెలో, తాతల నాటి మట్టిమిద్దెలో ఉండేవాడు. మా నాయన ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరై, అక్కడే ఉండిపోయాడు. నేనూ అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఉంటాను. చిన్నాయన పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "మా యమ్మను ఎవురు చూసుకుంటారు" అనేవాడు. జేజి పోయాక అడిగితే "ఇంగ ఇప్పుడేంటికి లే" అనేవాడు. బోర్లు ఎండిపోయి చీనీ తోటలోని బత్తాయి చెట్లు కొట్టేశాక ఆయనకు మిగిలింది ఇంటి వెనక పెరడు ఒక్కటే. బట్టలుతికిన నీళ్లు, ఎనుముల తొట్టి కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ ఆ పెరట్లోకే వెళ్లేవి. మటిక్కాయలు, వంకాయలు, కాకరకాయలు, టమేటాలు కాసేవి. మటిక్కాయలంటే మిగతా జిల్లాలవాళ్లు గోరుచిక్కుళ్లంటారే, అవి.

ఆ కూరగాయలన్నీ ముక్కలు చేసి ఎండబెట్టి ఒరుగులు చేసేవాడు. అదే ఆయన పని, అదే ఆయన సరదా, ఒక విధంగా అదే ఆయన సంసారం.

చిన్నాయన అంటే నాకు ముందు కళ్లలో మెదిలేది గొడుగు. ఎండాకాలం మిద్దె మీద ఈతచాప పరిచి, ముక్కలు ఎండబోసి, పక్కనే గొంతుక్కూర్చునేవాడు. గొడుగు తలమీద పట్టుకునేవాడు కాదు. మూసి ఒళ్లో పెట్టుకునేవాడు. కాకి వాలబోతే దాని మొహం మీద టప్పున తెరిచేవాడు. అది హడలిపోయి పక్కింటి మిద్దె మీదికి ఎగిరిపోయేది. ఆయన మళ్లీ గొడుగు మూసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు.

"ఎండ మండిపోతోంది, తలమీద పట్టుకోరాదా చిన్నాయనా" అంటే, "అప్పుడు కాకికి అలవాటైపోతాది పాపా. ఇట్ల ఉన్నట్టుండి తెరిస్తేనే దానికి గుండె జారేది" అనేవాడు.

మబ్బు పట్టిందంటే ఆకాశంతో తగువు పెట్టుకునేవాడు. "ఒగ గంట తాళుకోప్పా. ఇన్నేండ్లు రానోనివి ఇయ్యాలే రావల్లనా? యాడ పోతాండావంత తొందరగా?" అని తల పైకెత్తి అరిచేవాడు. మా సీమలో వానను తిట్టిన మనిషిని ఆయన ఒక్కడినే చూశాను. తిట్టాక తనే నాలుక కరుచుకుని, రెండు చేతులూ ఎత్తి ఒక దండం పెట్టేవాడు.

తొలికాపు ఏది కోసినా పచ్చిది వండేవాడు కాదు. మొత్తం మిద్దె ఎక్కాల్సిందే. మటిక్కాయలైతే ఉప్పూ పసుపూ వేసిన నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, వంకాయలైతే చక్రాలుగా కోసి మజ్జిగలో ముంచి, మూడెండలు పెట్టేవాడు. ఎండ జరిగేకొద్దీ చాపను జరుపుకుంటూ పోయేవాడు. "పచ్చిది అందురూ తింటారు. కాపు లేని దినాల్లో తినాలంటే ముందర ఒగడు నోరు కట్టుకోల్ల" అనేవాడు. ఆ నోరు కట్టుకునేవాడు ఎప్పుడూ తనే అన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

ఇదంతా జేజి నేర్పిందే. ఆమెకు చివరి పదేళ్లు చూపు లేదు. మంచం మీద కూర్చుని ఆమె చెప్పేది, ఆయన చేసేవాడు. ముక్కలు ఎండాయో లేదో ఆమె చూడలేదు గనక, చాటలో వేసుకొచ్చి చెవి దగ్గర ఊపమనేది. చూపు ఉన్న చిన్నాయనకూ అదే పట్టుబడింది. ఆమె పోయాక కూడా డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపి, కళ్లు మూసుకుని విని, "ఇంగొగ ఎండ కావల్ల" అని మళ్లీ చాప మీద బోర్లించేవాడు.

కాలేజీలో ఉన్నప్పుడు ఒక వేసవిలో వారం రోజులు ఆ ఇంట్లో ఉన్నాను. ముందు జేజికి ముద్దలు కలిపి తినిపించేవాడు. తర్వాత నన్ను పీటేసి కూర్చోబెట్టి సంగటి పెట్టేవాడు. ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి పోసి, వంకాయ ఒరుగుల పులుసు వేసి, నేను తినేదాకా ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడేవాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నా మొహం వంక చూసేవాడు. బాగుందని చెప్పక్కర్లేదు. మొహం చూస్తే చాలు, ఆయన భుజాలు కిందికి దిగేవి.

"నువ్వూ తిను చిన్నాయనా."

"నాకు వాసనకే కడుపు నిండిపాయె. నువ్వు తిను."

వంట చేసినవాళ్లందరూ అనే మాటే అది. నిజం కాదని వినేవాళ్లందరికీ తెలుసు. తెలిసీ నమ్మి, చెయ్యి కడుక్కుని లేస్తాం. వారం రోజులున్నాను, ఆయన తినడం ఒక్కసారీ చూడలేదు.

జేజి పెద్దకర్మ రోజు వంట కూడా ఆయనే చేశాడు. వంటవాళ్లను పిలిపిస్తానన్నాడు నాయన. "మా యమ్మ నేర్పిన వంట. నేనే చేస్తా" అన్నాడు చిన్నాయన. తెల్లారకముందే పొయ్యిల దగ్గరికి చేరాడు. మధ్యాహ్నం బంధువులంతా పంక్తిలో కూర్చున్నారు. మా అమ్మ వైపు పెద్దాయన ఒకరు రెండు ముద్దలు తిని, "ఏం జేసినాడప్పా కూర! ఏ ఆడకూతురి చేతిలోనూ ఇంత రుచి చూడలే" అన్నాడు. పంక్తిలో అందరూ తలలూపారు. కొందరు మా నాయన వైపు చూశారు.

నాయన ఏమనుకున్నాడో గానీ, నవ్వుతూ, "వానికింగ చీర ఒగటి కట్టిస్తే సరిపోతాది" అన్నాడు.

పంక్తి పంక్తంతా గొల్లున నవ్వింది. చిన్నాయన చేతిలో పప్పు గిన్నె ఉంది. నాయన విస్తరిలో ఒక గరిటె వేశాడు. పక్క విస్తరిలో ఒక గరిటె వేశాడు. అలాగే పంక్తి చివరిదాకా వడ్డించాడు. గిన్నె దించి, భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, మిద్దె ఎక్కి కూర్చున్నాడు. ఎవరు పిలిచినా దిగిరాలేదు. మర్నాడు మేం ప్రొద్దుటూరు బయల్దేరుతుంటే అమ్మతో, "వదినా, అన్న నోరు తెరిచి రమ్మంటే తప్ప మీ గడప తొక్కను" అన్నాడు. నాయనకు వినపడేలాగే అన్నాడు.

మా నాయన చెడ్డవాడు కాదు. కళ్లు లేని తల్లిని పదేళ్లు తమ్ముడి మీద వదిలేసినవాడికి, అంతమందిలో తమ్ముడికి దక్కిన ఆ మెప్పు ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది. ఇది నేను ఇప్పుడు అనుకుంటున్న మాట. ఆ రోజు పంక్తిలో నేనూ నవ్వాను.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున నాకు ఫోన్ వచ్చింది. పలకరింపు లేదు, బాగున్నావా లేదు.

"ఎడమ పక్క నాలుగో సీటు. పచ్చచీర కట్టుకున్నామె కాళ్ల కింద."

"ఏంది చిన్నాయనా?"

"ప్రొద్దుటూరు బస్సులో డబ్బా పెట్టినా. వదినకియ్యి. మీ నాయనకు చెప్పద్దు."

పులివెందుల బస్టాండుకు వచ్చి, ప్రొద్దుటూరు బస్సెక్కి, సీటు కింద డబ్బా తోసి దిగిపోయాడు. కండక్టరుకు చెప్పలేదు. "వానికి చెప్తే వాడు మర్సిపోతాడు. నీకు చెప్తే నువ్వు మర్సిపోవు" అన్నాడు. ఎందుకైనా మంచిదని మూత మీద కాగితం అంటించి నా ఫోన్ నంబరు రాశాడు. పేరు రాయలేదు.

అలా ఏటా రెండుసార్లో మూడుసార్లో ఆ ఫోన్ వచ్చేది. నేను బస్టాండుకు వెళ్లి, ఆగీ ఆగకముందే బస్సెక్కి, సీట్ల కిందికి వంగి వెతికేదాన్ని. ఒకసారి ఒక ముసలామె కాళ్లు పైకి ముడుచుకుని, "ఏందమ్మా, నా కాళ్లు మొక్కుతాండావా? ఉండు, దీవిస్తా" అంది. బస్సంతా నవ్వారు. చిన్నాయనకు చెబితే, "మంచిదే గదా పాపా. డబ్బాతో పాటు దీవెన గూడా వచ్చె" అన్నాడు.

అమ్మ ఆ ఒరుగులు సీసాల్లో పోసుకుని, పప్పులోనూ పులుసులోనూ వేసేది. నాయన అడిగితే అంగట్లో కొన్నానని చెప్పేది. ఖాళీ చేసిన డబ్బా రెండు మూడు రోజుల తర్వాత పులివెందుల బస్సులో, మళ్లీ ఏదో ఒక సీటు కింద, నేను పెట్టి వచ్చేదాన్ని.

ఒక ఏడు డబ్బా రాలేదు. బస్సంతా వెతికాను, లేదు. సాయంత్రానికి కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "ఏమ్మా, ఒరుగుల డబ్బా మీదేనా? మా ఇంటికొచ్చి కూర్చున్యాది" అంది అవతలి ఆమె. ఆ రోజు బస్సు ముద్దనూరు నుంచి జమ్మలమడుగు మీదుగా వచ్చిందట. ఆమెది జమ్మలమడుగు. పులివెందులలో చుట్టాలింటికి పోయి సంచులు వేసుకుని వస్తుంటే, దిగే తొందరలో కూతురు సీటు కింద ఉన్నవన్నీ లాగేసింది.

ఆదివారం జమ్మలమడుగు వెళ్లాను. ఆమె భర్త కువైట్లో ఉంటాడు. ఆమె ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. నన్ను చూడగానే, "మూత తీసి చూసినాం చెల్లీ, తప్పనుకోవద్దు. చూసినంక వండకుండా ఉండలేకపోతిమి" అంది. మటిక్కాయ ఒరుగులు మాంసంలో వేసి వండింది. నాకూ పెట్టింది. మాంసంలో అంత రుచిగా ఉంటాయని నాకూ అప్పుడే తెలిసింది.

"ఇవి ఎవురు చేసినారు?"

"మా చిన్నాయన."

"చిన్నాయనా? చిన్నమ్మ గాదా?"

"చిన్నమ్మ లేదక్కా."

ఆమె చిన్నాయనకు ఫోన్ కలిపి ఇమ్మంది. "అన్నా, నీ డబ్బా దొంగను మాట్లాడతాండా" అంది. అవతల చిన్నాయన నవ్వు ఈ పక్క నాకు వినిపించింది. ఆయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. నవ్వు ఆగాక ఒకటే ప్రశ్న అడిగాడు. ఒరుగులు నానబెట్టిన నీళ్లు పారబోశారా అని.

"ల్యా అన్నా. మాంసంలోనే పోస్తిమి."

"అయితే నువ్వు దొంగవు గాదు లేమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఏడు నుంచి ఆమెకు కూడా వేరే ఒక డబ్బా వెళ్లేది. ఆమె నంబరు అంటించిన డబ్బా జమ్మలమడుగులో దిగేది, నా నంబరు అంటించింది ప్రొద్దుటూరు వచ్చేది.

మూడేళ్ల కిందట నాయనకు విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోటి చేదు పోలేదు. ఏం పెట్టినా రెండు మెతుకులు కొరికి పక్కకు నెట్టేసేవాడు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. ఒకరోజు అమ్మ కాకర ఒరుగులు వేయించి, వేడి అన్నంలో నలిపి పెట్టింది. నాయన తిన్నాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు. చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుని అమ్మను అడిగాడు.

"ఇవి యాడివి?"

"అంగట్లోవి."

"ఏ అంగడి?"

"ఉండాది లే, ఒగ అంగడి."

నాయన కాసేపు కంచం వంక చూశాడు. "ఆ అంగడాయప్ప బాగుండాడా?" అన్నాడు.

"బాగుండాడు" అన్నాను నేను.

"సరే" అన్నాడు.

నేను వాకిట్లోకి వచ్చి అప్పటికప్పుడు చిన్నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "అంగడి తెరిచే ఉండాదని చెప్పు" అన్నాడాయన. నాలుగు రోజులకు వచ్చిన డబ్బాలో అన్నీ కాకర ఒరుగులే. సగం పెరడు కోసి పంపినట్టున్నాడు.

ఇంకేముంది, కలిసిపోతారనుకున్నాను. "చిన్నాయనా, నువ్వే ఒకసారి రారాదా, ఆయనకు బాగాలేదు గదా" అన్నాను. "పిలవాల్సింది మీ నాయన. నువ్వు గాదు పాపా" అన్నాడు. నాయన దగ్గరికి పోయి, "ఒక్క మాట, రమ్మను నాయనా" అన్నాను. "వాడొస్తే నేను వద్దంటానా?" అన్నాడు. "వద్దనకపోవడం కాదు, రమ్మనాలి" అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇట్లా నాలుగుసార్లు జరిగింది. ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగిన మొండివాళ్లు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండేది. ఇంకా బోలెడంత కాలం ఉంది కదా అన్న ధీమాతో నేనూ అంతకుమించి గట్టిగా పట్టుబట్టలేదు.

నిరుడు ఎండలు ముదరకముందే చిన్నాయన పోయాడు. గుండె. మిద్దె మీదే, మధ్యాహ్నం పూట. పక్కింటాయన చూసి ఫోన్ చేశాడు. మేం వెళ్లేసరికి ఆయనను కిందికి దించి పడుకోబెట్టారు. చాప మీది టమేటా ముక్కలు కోతులు తినేశాయి.

నాయన పద్నాలుగు రోజులూ ఆ ఇంట్లోనే ఉన్నాడు. చేయాల్సినవన్నీ చేశాడు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. తిరిగి వస్తుంటే బస్సులో నన్ను అడిగాడు. "వాడు నన్ను పిలవమన్యాడా?"

"అన్నాడు నాయనా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నాలుగుసార్లు చెప్పాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇదీ నాకు గుర్తున్న చిన్నాయన. ఇంత గుర్తున్నా ఇష్టమైన కూర ఏదో తేలలేదు. చివరికి మంగళవారం నాడు జమ్మలమడుగు ఆమెకు ఫోన్ చేశాను. సంవత్సరీకం సంగతి చెప్పి, "అక్కా, మా చిన్నాయన నీతో ఎప్పుడైనా ఫలానాది ఇష్టమని అన్నాడా?" అని అడిగాను.

ఆమె ఎగతాళి చేయలేదు. మీకు తెలియదా అనీ అనలేదు. "మేము డబ్బా ఎప్పుడూ ఉత్తది పంపలేదు చెల్లీ" అంది.

"ఏం పంపేవాళ్లు?"

"ఇంట్లో ఏదుంటే అది. రొట్టెలు, వంకాయ కూర, పండగనాడు సేమ్యా. పొద్దున బస్సుకేస్తే మధ్యాన్నానికి అందేది. ఒగతూరి అడిగితి, అన్నా, నీకేమిష్టమో చెప్పు, అదే చేసి పంపుతా అని."

"ఏమన్నాడు?"

"ఏదైనా పంపమ్మా అన్యాడు. నా చేతి ఉప్పు నాకు యాష్టకొచ్చె, ఇంగొగరు ఉప్పేసింది ఏదైనా నాకిష్టమే అన్యాడు. నేను నవ్వితి. ఫోన్ పెట్టేసినంక ఏడిస్తి."

నేను ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చున్నాను. మా ఇళ్లలో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి ఇవ్వం. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా, గుప్పెడు చక్కెరైనా వేసి ఇస్తాం. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ మా అమ్మ ఇరుగుపొరుగుల గిన్నె ఒక్కటి కూడా ఉత్తగా పంపలేదు. చిన్నాయన డబ్బాలో మాత్రం ఏమీ పెట్టలేదు. పెడితే తెగిపోయిన సంబంధం కలుపుకున్నట్టవుతుందని, నాయనకు తెలిస్తే ఇంట్లో రభస అవుతుందని అమ్మ భయం. నాకు ఆ భయం కూడా లేదు. నాకు అసలు తోచనే లేదు. నాకొక ఇల్లుంది, ఒక పొయ్యి ఉంది, బస్టాండు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. పదమూడేళ్లు తోమిన డబ్బాను మోసుకుపోయి సీటు కింద తోశాను. "డబ్బా తళతళలాడతాంది పాపా, మీ యమ్మ బాగా తోమినట్టుందే" అని ఆయన ఒకసారి ఫోన్లో అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఆ మాట అమ్మకు మోసుకుపోయి చెప్పాను. అమ్మ సంతోషించింది కూడా.

సాయంత్రం వెళ్లి ఉన్నది ఉన్నట్టు ఇద్దరికీ చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన తల వంచుకుని విన్నాడు.

"అయితే ఏదైనా ఒగటే గదా. మటిక్కాయల తాళింపు చేస్తాలే" అంది అమ్మ.

"పచ్చివే తెప్పించు. ఎండినవి వాడు శానా తినిపించినాడు" అన్నాడు నాయన. కొంచెం ఆగి, "నువ్వు చెయ్యద్దు" అన్నాడు. అప్పుడు మాకు అర్థం కాలేదు.

గురువారం పొద్దున నాయన తలస్నానం చేసి, పంచె ఎగ్గట్టి, వంటింట్లోకి వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మంచినీళ్లు కావాలన్నా గడప అవతలే నిలబడి కేకేసేవాడు. అమ్మ కాయలు తుంచి ఇచ్చింది. నేను పొయ్యి వెలిగించి పక్కకు తప్పుకున్నాను. నూనె ఎక్కువ పోశాడు. ఆవాలు చిటపటమని చేతి మీదికి ఎగిరితే ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు, మళ్లీ ముందుకు వచ్చాడు. కాయలు వేసి కలిపాడు. కాసేపటికి అమ్మను అడిగాడు.

"ఉప్పు యాడ పెడతావు?"

యాభై ఏళ్ల కాపురంలో ఆ ప్రశ్న మొదటిసారి విన్నది అమ్మ. గూట్లోంచి జాడీ తీసి ఆయన ముందు పెట్టింది. ఎంత వేయాలో చెప్పబోయి ఊరుకుంది. ఆయన గుప్పెట్లో తీసుకుని, కూర వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత వేశాడు. చాలదనిపించిందేమో, ఇంకొంచెం వేశాడు.

అన్నం, తాళింపు ఇస్తరాకులో పెట్టి ఫొటో ముందు ఉంచాం. చిన్నాయనకు విడిగా ఫొటో లేదు, ఆధార్ కార్డులోదే పెద్దది చేయించాం. టెంకాయ కొట్టాక, పోయినవాళ్లు తినడానికి తలుపు దగ్గరికి వేసి అందరం కాసేపు బయట కూర్చోవాలి. అమ్మా నేనూ అరుగు మీదికి వచ్చేశాం. నాయన గడప దగ్గరే ఆగిపోయాడు. ఎండ కాస్తున్న వీధి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రారా" అన్నాడు. "లోపలికి రా. తిందువు."

ఆ మాట నోటెంట రావడానికి ఆయనకు పద్నాలుగేళ్లు పట్టింది. తలుపు దగ్గరికి వేసి, వచ్చి మా పక్కన కూర్చున్నాడు.

తర్వాత లోపలికి వెళ్లి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. తాళింపులో ఉప్పు బాగా ఎక్కువైంది. నాయన రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.